సమాధానం: మాపటి పాలే ఎందుకు విరుగుతున్నాయి

అన్నా, మీ మిర్యాలగూడ పాల సేకరణ సెంటర్‌లో పొద్దటి పాలు బాగుండి, మాపటి క్యాన్లే మరగబెడితే విరుగుతున్నాయంటే గేదెల మీద అనుమానం తర్వాత. పొద్దున ఖాళీ అయిన క్యాన్‌కు తడిగానే మూత పెట్టి ఎండలో ఉంచుతున్నారేమో చూడండి. క్యాన్ మెడ లోపల వేలితో గీకండి. గరుకుగా తెల్లటి పొర తగిలితే అసలు దొంగ అదే: బోరు నీళ్లలోని సున్నం పాల అవశేషాలతో గట్టిపడి, సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది.

మొదట గోరువెచ్చని నీళ్లతోనే కడగాలి. నేరుగా సలసల కాగే నీళ్లు పోస్తే మాంసకృత్తులు గోడకు అతుక్కుపోతాయి. తర్వాత 60 డిగ్రీల నీళ్లలో లీటరుకు 10 గ్రాముల వాషింగ్ సోడా వేసి బ్రష్‌తో రుద్ది, మళ్లీ కడిగి, మూత తీసి బోర్లించండి. ఇది స్టీలు క్యాన్లకే. అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది, దానికి డెయిరీ డిటర్జెంటు వాడండి. పొర పోవాలంటే వారానికోసారి డెయిరీ యాసిడ్ క్లీనర్ కావాలి. బ్లీచింగ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

పిండిన రెండు గంటల్లోపు పాలు కూలర్ చేరి 4 డిగ్రీలకు దిగాలి. పులుపు దాచడానికి పాలల్లో సోడా కలపమని ఎవరన్నా చెబితే వినకండి. అది కల్తీ, రోజాలిక్ యాసిడ్ పరీక్షలో గులాబీ రంగుతో బయటపడుతుంది.