వరద, తుఫాను పనికి స్టాఫ్‌ని ఎలా తయారు చెయ్యాలి? ఉద్దానంలో మేం నేర్చుకున్నది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. లంక గ్రామాల్లో పనిచేసే 14 మంది చిన్న సంస్థ, గోదావరి పొంగినప్పుడు కొత్తగా చేరిన పిల్లలు ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయారు, బయట నుంచి ట్రైనర్‌ని పిలిచి 3 రోజుల వర్క్‌షాప్ పెట్టిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. వర్క్‌షాప్ దండగ అనట్లేదు, పెట్టించండి, కానీ అది అయ్యాక మీ అసలు పని మొదలవుతుంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ప్రాంతం, పలాస వైపు. 2013 ఫైలిన్ తుఫానుకి వాలంటీర్‌గా వెళ్ళా, 2014 హుద్‌హుద్‌కి విశాఖలో పనిచేశా, 2018 తిత్లీ వచ్చేసరికి మా సొంత ఉద్దానంలోనే ఒక టీమ్‌కి లీడర్‌ని. ఈ మూడూ అక్టోబర్‌లోనే, 12, 12, 11 తేదీల్లో వచ్చాయి. మా వైపు దసరా సెలవుల్లో గాలి కాస్త గట్టిగా వీచినా ముసలాళ్ళు బయటికొచ్చి ఆకాశం చూస్తారు. తిత్లీ తర్వాత నుంచి స్టాఫ్‌ని తయారు చెయ్యడమే నా పని అయింది, ఎందుకయిందో చెప్తా.

తిత్లీకి రెండు నెలల ముందే మా అందరికీ ట్రైనింగ్ అయింది. మంచి హోటల్లో, ప్రొజెక్టర్ పెట్టి, స్ఫియర్ ప్రమాణాలు (విపత్తు సాయంలో ప్రపంచమంతా వాడే కనీస కొలతలు) అన్నీ చెప్పారు, మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, సాయం అవసరాన్ని బట్టే తప్ప కులం మతం పార్టీ చూసి కాదు అని, అందరం రాసుకున్నాం, సర్టిఫికెట్లు తీసుకున్నాం. అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి పడున్నాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి, కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా, ఫోన్లు లేవు, కరెంటు లేక మోటార్లు ఆడక నీళ్ళు లేవు.

మూడో రోజు బరకాలు (టార్పాలిన్లు) ఇవ్వడానికి లిస్టు రాయమని ఒక కొత్త కుర్రాడిని ఒక ఊరికి పంపా. మంచివాడు, చదువుకున్నాడు, ట్రైనింగ్‌లో ప్రశ్నలన్నిటికీ కరెక్టుగా జవాబు చెప్పినవాడు. గంటన్నరలో 212 పేర్లు రాసుకొచ్చాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. మర్నాడు లారీ వెళ్ళింది, టోకెన్లు పిలుస్తున్నాం, సగం అయ్యాక ఊరి చివర పేట నుంచి ఆడవాళ్ళు వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. అరవలేదు, గొడవ చెయ్యలేదు. వాళ్ళలో ఒక ముసలమ్మ దగ్గరకొచ్చి "మా పేట ఈ ఊర్లోది కాదనుకున్నావా బాబూ" అంది. లిస్టు తీసి చూస్తే ఆ పేటలో ఒక్క పేరు లేదు. తాటాకు ఇళ్ళన్నీ అక్కడే ఉన్నాయి, కప్పులు పోయినవి అవే. లిస్టులో డాబా ఇళ్ళ వాళ్ళున్నారు.

కుర్రాడిని అడిగితే ఊళ్ళోకి వెళ్ళగానే ఒక పెద్దమనిషి పిలిచి అరుగు మీద కుర్చీ వేసి, టీ ఇచ్చి, పేర్లు చెప్పించాడట, వీడు రాసుకున్నాడు. వాడికి నిష్పక్షపాతం అంటే ఏంటో తెలీక కాదండి, పరీక్ష పెడితే మళ్ళీ ఫుల్ మార్కులొస్తాయి. మూడు రోజులుగా నిద్ర లేదు, వయసులో పెద్దాయన, మర్యాద చేస్తున్నాడు, అలాంటప్పుడు "కూర్చుంటానండీ, ముందు ఊరంతా ఒక చుట్టు తిరిగొస్తా" అనే మాట నోట్లోంచి రావాలంటే అది ముందే చాలాసార్లు పలికి ఉండాలి. ఆ మాట మేం వాడితో ఎప్పుడూ పలికించలేదు. తప్పు వాడిది కాదు, వాడిని ఒక్కడినే పంపిన నాది. ఆ రోజు పంపకం ఆపేశాం, ఎండలో పొద్దున్నుంచి నిలబడ్డ వాళ్ళని వెనక్కి పంపాల్సొచ్చింది, అదొక తప్పు మళ్ళీ. ఆ ముసలమ్మకి బరకం అందేసరికి ఇంకో రాత్రి గడిచింది, ఆ రాత్రి వాన పడింది.

అందుకే ఇప్పుడు మా ట్రైనింగ్‌లో సగం టైమ్ ఈ ఒక్క లిస్టు మీదే పెడతాం. హాల్లో కాదు, స్కూల్ గ్రౌండ్‌లో, మధ్యాహ్నం 2 గంటల ఎండలో, ఫోన్లు తీసేసుకుని. మా స్టాఫే ఊరివాళ్ళు. ఒకరు పెద్దమనిషి, ఒకరు "మా వాళ్ళకి ముందు ఇవ్వకపోతే లారీ కదలదు" అనే కుర్రాడు, ఒకరు రేషన్ కార్డు అత్తగారి పేరు మీద ఉన్న కోడలు, ఒకరు వరసలో నిలబడలేని పెద్దాయన. మా ఆఫీసులో వంట చేసే అక్క లిస్టులో పేరు రాని ఆడమనిషిగా చేస్తుంది. ఆవిడ మూడు తుఫాన్లకి సాయం కోసం వరసలో నిలబడిన మనిషి, ఆవిడ అడిగే ప్రశ్నలు ఏ ట్రైనరూ అడగలేడు. "నా పేరు ఎవరు తీసేశారు, ఆ కాయితం నాకు చూపించు" అని నిలదీస్తుంది, కొత్తవాళ్ళకి చెమటలు పడతాయి. అయ్యాక అందరం చెట్టు కింద కూర్చుని ఎవరికి ఎక్కడ నోరు పెగల్లేదో మాట్లాడుకుంటాం, మళ్ళీ మొదట్నుంచి చేస్తాం. మూడోసారికి మాట తేలిగ్గా వస్తుంది. లిస్టు రాసిన సాయంత్రమే దాన్ని ఊళ్ళో గోడకి అంటించి, అభ్యంతరాలు తీసుకుని, మర్నాడే టోకెన్లు ఇవ్వాలి అనేది కూడా అప్పుడే చేతికి అలవాటవుతుంది. దీనికి ఖర్చేం లేదు, ఒక రోజు భోజనాలు అంతే.

లెక్కలు కూడా ఇలాగే చేయించండి, నంబర్లు బట్టీ పట్టించొద్దు. మేం ఒక హైస్కూల్‌కి తీసుకెళ్ళి "రాత్రికి 600 మంది వస్తున్నారు, చూసుకోండి" అని వదిలేస్తాం. టేపు పెట్టి గది కొలుస్తారు, 20 అడుగులకి 20 అడుగులు, అంటే 37 చదరపు మీటర్లు, మనిషికి 3.5 చదరపు మీటర్లు చొప్పున ఒక గదికి పదిమందే పడతారు. అక్కడ ఆగిపోతారు అందరూ. 600 మందికి రోజుకి 9,000 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒకటి చొప్పున 30 మరుగుదొడ్లు, స్కూల్లో చూస్తే 4 ఉంటాయి, అందులో ఒకటి తాళం. మొదటి రోజుల్లో 50 మందికి ఒకటితో సర్దుకోవచ్చని స్ఫియర్‌లోనే ఉంది, అలా చూసినా 12 కావాలి. అప్పుడు అసలు ఆలోచన మొదలవుతుంది, ఆడవాళ్ళకి రాత్రిపూట దీపం ఎక్కడ పెట్టాలి, పక్క స్కూల్ తాళం ఎవరి దగ్గర ఉంది, తహశీల్దార్ ఆఫీసులో ఎవరికి చెప్పాలి, ఎంపీడీవోకి ఏం రాసివ్వాలి. ఈ ఫోన్ నంబర్లు వరద వచ్చాక వెతుక్కునేవి కావు.

నీళ్ళ క్లోరినేషన్ కూడా చేతులతో చెయ్యాలి. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే తేట నీళ్ళు 1,000 లీటర్లకి సుమారు 2.5 గ్రాములు అని పుస్తకంలో ఉంటుంది. మేం రెండు సంచులు పెడతాం, ఒకటి కొత్తది, ఒకటి మూతి విప్పి నెల్లాళ్ళు తేమలో పెట్టింది. రెండు డ్రమ్ముల్లో ఒకే కొలత వేసి, అరగంట ఆగి, క్లోరోస్కోప్‌లో (నీళ్ళలో క్లోరిన్ చూసే చిన్న కిట్) గొట్టాల్లో నీళ్ళు పట్టి ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేస్తే ఒకదాంట్లో పసుపు రంగు వస్తుంది, ఇంకోదాంట్లో, పాత సంచిది, నీళ్ళు రంగు రాకుండా అలాగే ఉంటాయి. బురద నీళ్ళయితే మంచి పౌడర్ కూడా సరిపోదు, ముందు తేర్చుకోవాలి, మందు పెంచాలి, మళ్ళీ చూడాలి. కుళాయి దగ్గర లీటర్‌కి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రంగు రాని ఆ గొట్టం ఒకసారి కళ్ళతో చూసినవాడు ఇంక ఎప్పుడూ పరీక్ష చెయ్యకుండా "వేశాం సార్" అని ఫోన్‌లో చెప్పడు.

ఇంకోటి, బయట నుంచొచ్చిన ఫారం అలాగే వాడకండి. తిత్లీకి మా దగ్గరున్న సర్వే ఫారంలో ఇల్లు, పశువులు, పంట, గర్భిణులు అన్నీ ఉన్నాయి, డయాలసిస్ అనే మాట లేదు. ఉద్దానం అంటేనే కిడ్నీ జబ్బులు అండి, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ లేకపోతే బతకని మనుషులు మా ప్రతి ఊళ్ళో ఉన్నారు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయిన ఆ రోజుల్లో వాళ్ళకి బరకం కన్నా ముందు దారి కావాలి. ఆ సంగతి మా స్టాఫ్‌లో స్థానికంగా పుట్టిన అమ్మాయి రెండో రోజే చెప్పింది, ఫారంలో లేదు కదా అని మేం పక్కన పెట్టాం, రెండు రోజులు పోయాయి. మీ లంకల్లో అది ఇంకేదో అయ్యుంటుంది, నెలలు నిండినవాళ్ళని పడవ ఎక్కించడమో, గట్టు మీద గేదెలకి మేతో. ఫారం మీ స్టాఫ్ చేత, మీ ఊరివాళ్ళతో కూర్చోబెట్టి మే నెలలోనే రాయించండి. అదే సగం ట్రైనింగ్.

కొత్తవాళ్ళ సంగతి. మొదటి ఎమర్జెన్సీలో ఎవరినీ ఒంటరిగా పంపొద్దు, లీడర్‌గా అసలే వద్దు. పాతవాళ్ళ పక్కన నీడలా తిరగాలి, రోజూ రాత్రి పది నిమిషాలు "ఇవాళ అక్కడ అలా ఎందుకు చేశావన్నా" అని అడిగే హక్కు వాళ్ళకి ఉండాలి, పాతవాళ్ళు విసుక్కోకుండా చెప్పాలి. ఒకరు పోయే చోటికి ఇద్దర్ని పంపితే పని నెమ్మదిస్తుంది అంటారు మీ బోర్డువాళ్ళు, మా దగ్గరా అన్నారు. ఆ 212 పేర్ల కథ చెప్పండి.

ఇక్కడ కాస్త ఆగుతా, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన స్టాఫ్ కూడా బాధితులే. తిత్లీలో మా టీమ్‌లో ఒక అమ్మాయి ఇంటి రేకులు మొత్తం లేచిపోయాయి, మర్నాడు పొద్దున్నే డ్యూటీకొచ్చింది. మేం అందరి ముందూ మెచ్చుకున్నాం, చప్పట్లు కొట్టాం. అది చూసి మిగతావాళ్ళు కూడా సెలవు అడగడం మానేశారు. తొమ్మిదో రోజు ఆ అమ్మాయి బియ్యం సంచులు లెక్కపెడుతూ లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పి, అక్కడే సంచుల మీద కూర్చుని ఏడ్చేసింది, ఆపలేకపోయాం. ఆ రోజు వరకూ ఆవిడ ఇంటి మీద బరకం వెయ్యలేదని మాకెవరికీ తెలీదు. మేం ఊరూరా బరకాలు పంచుతున్నామండి. ఇప్పుడు మా రూల్ ఏంటంటే, మొదటి రోజు స్టాఫ్ ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకునొస్తారు, ఆ ఖర్చు సంస్థదే, ఆరు రోజులు పనిచేస్తే ఏడో రోజు సెలవు, ఆ సెలవు ముందు లీడర్ తీసుకుంటాడు, అప్పుడే కిందవాళ్ళు తీసుకుంటారు. మానసిక ప్రథమ చికిత్స (బాధలో ఉన్న మనిషికి మొదట ఇచ్చే ఆసరా) నేర్పించేటప్పుడు కూడా, డబ్ల్యూహెచ్‌వో 2011 గైడ్‌లో ఉన్న చూడు, విను, కలుపు (అంటే సాయం దొరికే చోటుతో కలపడం) అనే మూడు మెట్లు ముందు మా టీమ్‌లో ఒకరి మీద ఒకరం చేసి చూస్తాం.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా వాళ్ళు నలుగురు వెళ్ళారు. అప్పటికి బాగా తయారైన పిల్లలే, అయినా మొదటి రోజు దెబ్బ తిన్నారు. పల్లెలో లిస్టంటే ఇల్లు చూసి రాయడం. అక్కడ కింద వాటాలో అద్దెకున్న వాళ్ళకి కార్డు ఎక్కడో సొంతూర్లో ఉంది, పై అంతస్తుల్లో ముసలివాళ్ళు దిగలేరు, డ్రోన్లతో పొట్లాలు వేస్తుంటే మేడ మీదకి రాగలిగిన వాళ్ళకే అందాయి. కానీ మా పిల్లలు ఆ రాత్రే కూర్చుని వాళ్ళంతట వాళ్ళు ఫారం మార్చుకున్నారు, కార్డు కాలమ్ కొట్టేసి అంతస్తు, దిగగలరా లేదా అని పెట్టారు. నాకు ఫోన్ చేసి పర్మిషన్ అడగలేదు, చేశాక చెప్పారు. నాకు చాలా సంతోషం అనిపించింది, ఇన్నేళ్ళూ దీనికోసమే కదా అనుకున్నా.

ఆన్‌లైన్ కోర్సుల గురించి అడిగారు, కాయా, డిజాస్టర్‌రెడీ అనే రెండు వెబ్‌సైట్లలో ఫ్రీగా ఉన్నాయి, ఇంగ్లిష్ ఇబ్బంది లేనివాళ్ళ చేత చేయించి, వాళ్ళనే మిగతావాళ్ళకి తెలుగులో చెప్పమనండి, చెప్పేటప్పుడే వాళ్ళకీ ఎక్కుతుంది. మీ జిల్లా విపత్తుల విభాగాన్ని అడిగి ఆపద మిత్ర (ఊళ్ళ వాలంటీర్లకి ప్రభుత్వం ఇచ్చే విపత్తు శిక్షణ) ట్రైనింగ్‌కి మీ ఊళ్ళ కుర్రాళ్ళ పేర్లు పంపండి, విజయవాడ దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) 10వ బెటాలియన్ ఉంది, మాక్ డ్రిల్ చేస్తే చూడ్డానికి మీ వాళ్ళని తీసుకెళ్ళండి. మా పెద్ద కష్టం మాత్రం ఇంకా తీరలేదు, మార్చిలో ప్రాజెక్టు అయిపోతుంది, తయారైనవాళ్ళు వేరే ఉద్యోగాలకి వెళ్ళిపోతారు, అక్టోబర్‌కి మళ్ళీ కొత్త మొహాలు. అందుకే వెళ్ళిపోయిన వాళ్ళ నంబర్లతో ఒక లిస్టు పెట్టుకున్నాం, ఏడాదికోసారి ఒక రోజు పిలుస్తాం, దారి ఖర్చులు ఇస్తాం. సగం మంది వస్తారు.

మీకు గోదావరి జులై, ఆగస్టుల్లోనే వస్తుంది, 2022లో జులై 16న భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది గుర్తుంది కదా. కాబట్టి మాలాగా ఆగస్టు దాకా ఆగకండి, మే ఆఖరుకి ఫారం, జూన్ రెండో వారానికి గ్రౌండ్‌లో లిస్టు ప్రాక్టీసు అయిపోవాలి. పడవ ప్రాక్టీసు కూడా ఒక పూట పెట్టండి, మీ 14 మందిలో ఈత రాని వాళ్ళెవరో ముందు అడిగి రాసుకోండి, సిగ్గుపడి చెప్పరు, విడివిడిగా అడగండి. లైఫ్ జాకెట్ బకిల్ చీకట్లో కళ్ళు మూసుకుని పెట్టుకోగలుగుతున్నారా చూడండి. ఉద్దానంలో మా ఫారం ఎలా మార్చామో కావాలంటే ఇక్కడే కింద అడగండి, ప్రశ్నలన్నీ టైప్ చేసి పెడతా.