బెరెట్టానా, బ్రౌనింగా: ముందు చెంపను అడగండి

ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండే షాట్‌గన్‌లు బెరెట్టా 686, బ్రౌనింగ్ 525లలో ఏది మేలని అడిగారు. ఇప్పటి తుపాకితో చెంప కమిలిపోతోందనీ రాశారు. చాలావరకు అది స్టాక్ (భుజానికీ చెంపకూ ఆనే వెనక భాగం) కొలత తెచ్చే నొప్పేనండీ, బ్రాండుది కాదు. గచ్చిబౌలి వైపు రేంజిలో రెండూ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి పట్టుకుని చూడండి. తెరిచి ఖాళీ అని నిర్ధారించుకున్నాక, గొట్టాన్ని లక్ష్యాల వైపే ఉంచి, కళ్లు మూసుకుని భుజానికెత్తండి. చెంప ఆనించి కళ్లు తెరవండి. గొట్టం మీది పట్టీ కనిపించకుండా వెనక ఇనుమే అడ్డొస్తే స్టాక్ పైఅంచు మీకు తక్కువ. పట్టీ పొడవునా రోడ్డులా పరుచుకుంటే ఎక్కువ.

బెరెట్టా యాక్షన్, అంటే గొట్టాలు వచ్చి బిగిసే ఇనుప భాగం, లోతు తక్కువ. బ్రౌనింగ్‌లో గొట్టాల కింద అడ్డంగా పిన్ను ఉండటంతో కాస్త లోతెక్కువ. గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే ట్రాప్ ఆటకు తుపాకి బరువుంటేనే నయం, పేల్చినప్పుడు వెనక్కి కొట్టే తన్ను తగ్గుతుంది. నా ఓటు మాత్రం పైఅంచు ఎత్తు మార్చుకోగల స్టాక్‌కే, పేరు ఏదైనా సరే.