ప్రశ్న–జవాబు: ప్రతి ఎన్నికలోనూ యక్కా కొండ మాట ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మేము పదకొండేళ్ళుగా లాస్ వేగస్ పక్కన హెండర్సన్‌లో ఉంటున్నాము. నాకు పోయిన ఏడాదే పౌరసత్వం వచ్చింది, ఈసారి మొదటిసారి ఓటు వేయబోతున్నాను. ఇంటికి వస్తున్న కరపత్రాల్లో రెండు పార్టీల వాళ్ళూ "ఇతర రాష్ట్రాల అణు వ్యర్థాలను యక్కా కొండలోకి రానివ్వము" అనే రాస్తున్నారు. ఇద్దరిదీ ఒకే మాట అయినప్పుడు దాన్ని చూసి ఎవరికి ఓటు వేయాలి? అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైంది?
(ఒక పాఠకురాలు, హెండర్సన్, నెవాడా)

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబితే మొదటిది సులువవుతుంది. అమెరికాలో అణు విద్యుత్ కేంద్రాల నుంచి బయటికి తీసిన ఇంధనాన్ని శాశ్వతంగా భూగర్భంలో పాతిపెట్టే బాధ్యతను 1982 నాటి చట్టం కేంద్ర ప్రభుత్వానికి అప్పగించింది. అందుకోసం అణు విద్యుత్తు మీద యూనిట్‌కు సెంటులో పదో వంతు చొప్పున రుసుము వసూలు చేస్తామనీ, 1998 జనవరి 31 నుంచి వ్యర్థాలను తీసుకోవడం మొదలుపెడతామనీ ప్రభుత్వం విద్యుత్ సంస్థలకు మాట ఇచ్చింది. అనేక చోట్ల భూమిని పరిశీలించి, వాటిలో మేలైనదాన్ని ఎంచుకోవాలన్నది ఆ చట్టం ఉద్దేశం. 1986 నాటికి మూడు పేర్లు మిగిలాయి: టెక్సస్‌లోని డెఫ్ స్మిత్ కౌంటీ, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్, నెవాడాలోని యక్కా కొండ.

మరుసటి ఏడాది డిసెంబరులో, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి లోతుగా పరీక్షించే పని పూర్తి కాకుండానే, అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టాన్ని సవరించి ఇకపై యక్కా కొండ ఒక్కదాన్నే పరిశీలించాలని ఆదేశించింది. అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ జిమ్ రైట్ టెక్సస్ వారు. ఆ సభలోనే అధికార పక్ష నాయకుడు టామ్ ఫోలీ వాషింగ్టన్ రాష్ట్రం వారు. టెక్సస్‌కు 27 మంది ప్రతినిధులు ఉండగా నెవాడాకు ఉన్నది ఇద్దరే. సెనేట్‌లో నెవాడా తరఫున హ్యారీ రీడ్ అడుగుపెట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. నెవాడా జనం ఆ సవరణకు ఒక మోటు పేరు పెట్టారు, మర్యాదగా చెప్పాలంటే దాన్ని "నెవాడాను ముంచిన చట్టం" అనవచ్చు. నలభై ఏళ్ళు కావస్తున్నా ఆ పేరు చెరిగిపోకపోవడానికి కారణం, రాళ్ళను పోల్చి చూడవలసిన చోట సభ్యుల సంఖ్యను పోల్చి చూశారన్న కోపమే. ఆ కోపం న్యాయమైనదని నేను నమ్ముతున్నాను.

దానికి ఇంకో పాత గాయం కూడా తోడైంది. 1951 నుంచి 1992 వరకు, యక్కా కొండను ఆనుకుని ఉన్న నెవాడా పరీక్షా స్థలంలో 928 అణు పరీక్షలు జరిగాయి. వాటిలో వంద వరకు నేల మీదా గాలిలోనూ జరిపినవే. ప్రమాదమేమీ లేదని అధికారులు చెబుతూనే ఉన్నారు, గాలి వాలులో ఉన్న ఊళ్ళలో జనం జబ్బుపడుతూనే ఉన్నారు. వారికి పరిహారం ఇచ్చే చట్టం 1990లో గాని రాలేదు. ఒకసారి అలా మోసపోయిన జనానికి పాతిన వ్యర్థాలు పది వేల ఏళ్ళు భద్రంగా ఉంటాయని నిపుణుల నివేదికలు చూపిస్తే సందేహించారంటే, అది అజ్ఞానం అనడం అన్యాయం. పైగా వారి సందేహాల్లో శాస్త్రం లేకపోలేదు: 1992 జూన్‌లో ఆ కొండకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోనే 5.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. పది వేల ఏళ్ళ ప్రమాణం చాలదని 2004లో న్యాయస్థానం తేల్చిన తర్వాత, ప్రభుత్వం దాన్ని పది లక్షల ఏళ్ళకు పెంచవలసి వచ్చింది. ఆ నేల 1863 నాటి ఒప్పందం ప్రకారం తమదేనని వెస్టర్న్ షోషోనీ ఆదివాసులు ఈనాటికీ అంటున్నారు. వారిని అడగనివారు నెవాడాను మాత్రం ఎందుకు అడుగుతారు?

ఇక ఎన్నికల సంగతి. 2000లో జార్జ్ బుష్, నిర్ణయం రాజకీయాలను బట్టి గాక శాస్త్రాన్ని బట్టి తీసుకుంటానని నెవాడాకు హామీ ఇచ్చి, సుమారు 21,600 ఓట్ల తేడాతో ఆ రాష్ట్రాన్ని గెలుచుకున్నారు. ఆయనకు దేశం మొత్తం మీద వచ్చిన ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాల వారీగా లెక్కించేవి) 271, గెలవడానికి కావలసినవి 270. నెవాడాకు ఉన్న నాలుగూ ప్రత్యర్థికి పోయి ఉంటే అధ్యక్షుడు ఆయన అయ్యేవారు కాదు. 2002 ఫిబ్రవరిలో అదే అధ్యక్షుడు యక్కా కొండను ఆమోదించారు. ఆయన పార్టీకే చెందిన గవర్నర్ కెన్నీ గిన్ చట్టం ఇచ్చిన వీటో హక్కును వాడుకుని ఏప్రిల్‌లో తిరస్కరించారు. ఆ తిరస్కారాన్ని ప్రతినిధుల సభ 306–117 ఓట్లతో, సెనేట్ 60–39 ఓట్లతో కొట్టివేశాయి. అంటే నెవాడా "వద్దు" అనే హక్కు చట్టంలో ఉంది గాని, దానికి విలువ ఇవ్వనక్కర్లేని ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది.

2008లో బరాక్ ఒబామా నెవాడా పక్షం వహించారు. ఆయన సెనేటర్‌గా ఉన్న ఇల్లినాయిస్‌లో అణు విద్యుత్ కేంద్రాలూ వాటి వ్యర్థాలూ ఏ రాష్ట్రానికీ తీసిపోనంతగా ఉన్నాయన్నది గమనించండి. గెలిచాక 2010లో, యక్కా కొండ కోసం ప్రభుత్వం 2008లో వేసిన లైసెన్సు దరఖాస్తును ఉపసంహరించుకోవడానికి పూనుకున్నారు. అప్పటికి సెనేట్ అధికార పక్ష నాయకుడైన హ్యారీ రీడ్ నిధులు ఆగిపోయేలా చూశారు. తర్వాత డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం మూడు బడ్జెట్లలో మళ్ళీ డబ్బు అడిగి, 2020 ఎన్నికల ఏడాది రాగానే నెవాడా మాట విన్నామని వెనక్కి తగ్గింది. ప్రచారాంశం అంటే ఇదేనమ్మా. స్థానిక అభ్యర్థులందరూ ఒకే మాట అంటారు, తేడా అంతా ఆ మాటను రాజధాని వాషింగ్టన్‌లో ఎవరు నిలబెట్టగలరన్న దగ్గర వస్తుంది.

ప్రశ్న: మాది కుప్పం. 2012లో తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం వ్యర్థాలను మూతపడిన కోలారు బంగారు గనుల్లో పెడతారన్న మాట వచ్చినప్పుడు మా బంధువులు కూడా బందులో పాల్గొన్నారు. కరెంటు అందరికీ కావాలి, వ్యర్థం మాత్రం ఎవరికీ వద్దంటే అది స్వార్థం కాదా?
(ఒక పాఠకుడు, కుప్పం)

జవాబు: ఈ ప్రశ్నను దాటవేయకూడదు. అమెరికాలో దాదాపు 90,000 టన్నుల వాడిన ఇంధనం ముప్పైకి పైగా రాష్ట్రాల్లో, నీటి కొలనుల్లోనూ ఉక్కు, కాంక్రీటు పీపాల్లోనూ ఉంది. అక్కడా ఊళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఇచ్చిన మాట తప్పినందుకు ప్రభుత్వం విద్యుత్ సంస్థలకు ఇప్పటికే వెయ్యి కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది. కొండ ఉన్న నై కౌంటీ పాలకులే లైసెన్సు విచారణ ముందుకు సాగాలని కోరిన సందర్భాలూ ఉన్నాయి. అయితే నెవాడాలో ఒక్క అణు విద్యుత్ కేంద్రమూ లేదన్నది మరవకూడదు. ఆ కరెంటు వాడుకోని వారికి, వారిని అడగకుండా, వంద తరాల బరువు అప్పగించి, కాదంటే స్వార్థపరులనడం నాకు సమ్మతం కాదు.

ఫిన్లాండ్‌లో జరిగింది చూడండి. తమ దేశపు అణు వ్యర్థాలను తామే పాతిపెట్టుకోవాలనీ, పరాయి దేశాలవి తీసుకోరాదనీ అక్కడ 1994లో చట్టం చేశారు. స్థానిక పాలకమండలికి వీటో ఇచ్చారు, దాన్ని పార్లమెంటు కొట్టివేసే వీలు లేదు. అణు విద్యుత్ కేంద్రాలను దశాబ్దాలుగా దగ్గర నుంచి చూస్తున్న యురాయోకి మండలి 2000లో ఒప్పుకుంది. కాదనే హక్కు గట్టిగా ఉన్నచోట ఔననడానికి జనం భయపడలేదు. కోలారులో మాత్రం సుప్రీంకోర్టులో కూడంకుళం కేసు నడుస్తుండగా గనుల మాట జనం చెవిన పడింది. గనులు 2001లో మూతపడి బతుకుతెరువు పోయిన ఊరికి, మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ సొరంగాల భవితవ్యం గురించి అలా తెలియడం అవమానం. అక్కడి తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు కలిసి వీధిలోకి రావడంలో, కొద్ది రోజులకే అలాంటి ఆలోచన లేదని కేంద్రం చెప్పవలసి రావడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: యక్కా కొండ పథకం రద్దయినట్టేనా? అభ్యర్థులు గుమ్మం దగ్గరికి వస్తే ఏమి అడగాలి?
(లాస్ వేగస్ నుంచి మరో పాఠకురాలు)

జవాబు: రద్దు కాలేదు. 2008లో వేసిన లైసెన్సు దరఖాస్తుకు ఔననీ కాదనీ తుది తీర్పు రాలేదు. నిధులు మాత్రమే ఆగాయి. గవర్నర్, స్థానిక పాలకులు, ఆదివాసీ ప్రభుత్వాలు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎక్కడా అణు వ్యర్థాలను పాతరాదన్న బిల్లును నెవాడా సభ్యులు పలుమార్లు ప్రవేశపెట్టారు, అది గట్టెక్కలేదు. కాబట్టి "యక్కా కొండకు మీరు వ్యతిరేకమా?" అని అడగకండి, అందరూ ఔననే అంటారు. ఆ బిల్లుకు మీ పార్టీలో ఇతర రాష్ట్రాల సభ్యులు ఎందరు ఓటు వేస్తారని అడగండి, పేర్లు చెప్పమనండి. 1987 సవరణలో చేర్చిన ఆ కొండ పేరు ఇంకా చట్టంలో అలాగే ఉంది.