బ్రిటన్‌లో ఒకే ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీకి అన్ని క్యాంపస్‌లు ఎందుకు?

ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలంటే 16 ఏళ్లు దాటినవాళ్లకు ముఖ్యంగా వృత్తివిద్య నేర్పేవి. ఒక్కోదానికి అన్ని క్యాంపస్‌లు ఉండటానికి ప్రధాన కారణం, ఒకప్పుడు వేర్వేరుగా ఉన్న కాలేజీలను ఒకటిగా కలిపేయడమే. 1993 దాకా ఇవి ఎక్కువగా స్థానిక ప్రభుత్వాల చేతిలో ఉండేవి. 1992 నాటి చట్టాలతో ఆ అజమాయిషీ పోయి, జమాఖర్చులు తామే చూసుకోవాల్సి వచ్చింది. ఒకే ఊళ్లో రెండు మూడు కాలేజీలు అవే కోర్సులకు పోటీ పడటం దండగ ఖర్చనిపించి, విలీనాలు మొదలయ్యాయి.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరాన్నే చూడండి. భవన నిర్మాణం, ముద్రణ నేర్పే కాలేజీ, ఆహార సాంకేతిక కాలేజీ 2005లో కలిసి గ్లాస్గో మెట్రోపాలిటన్ అయ్యాయి. 2010లో దానికి సెంట్రల్ కాలేజీ, నౌకాయాన కాలేజీ తోడై సిటీ ఆఫ్ గ్లాస్గో కాలేజీ ఏర్పడింది. తర్వాత పాత భవనాల బదులు రెండు కొత్త క్యాంపస్‌లు కట్టారు: 2015లో రివర్‌సైడ్, 2016లో సిటీ. ఓడల చదువు మాత్రం క్లైడ్ నది ఒడ్డునే ఉండిపోయింది, అది సబబే కూడా.

మన కార్పొరేట్ కాలేజీల్లా ఒక సంస్థే ఊరూరా బ్రాంచీలు తెరిచిందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జరిగింది ఎక్కువగా దానికి తిరగేసిన కథ. ‘ఫర్దర్’ అంటే పీజీ అనుకోవడం ఇంకో పొరపాటు. ఈ కాలేజీలు మన ఐటీఐ, పాలిటెక్నిక్‌లకు దగ్గర.