లెగో టౌన్ మొదలైంది 1978లో కాదు, ఇటుకతో అసలే కాదు

అడిగిన ప్రశ్న ఇది: “లెగో టౌన్ సెట్లు 1978లో మొదలయ్యాయంటారు, నిజమేనా? పాత సెట్లు కొని దాచుకుంటే ముందుముందు రేటు పలుకుతుందా?”

మొదటి సగానికి జవాబు: కాదు. రెండో సగం చదివితే మాత్రం నాకు కాస్త ఒళ్లు మండింది. దాని సంగతి చివర్లో చెప్తాను.

మాది తెనాలి. ఉద్యోగం డెన్మార్క్‌లో, ఆర్హస్‌లో. తొమ్మిదేళ్లయింది. ఒకదాని మీద ఒకటి బిగించి కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే కంపెనీ లెగో. అది పుట్టిన బిల్లుండ్ మా ఇంటి నుంచి కారులో గంటకు కాస్త పైన. తిరుపతిలో ఉండేవాడికి వెంకన్న గురించి మాట్లాడే హక్కు ఎంత ఉంటుందో, లెగో గురించి నాకూ అంతే ఉందని నేననుకుంటాను. మా ఆవిడ అనుకోదు.

1978లో జరిగింది వేరే విషయం. పసుపు ముఖం, కదిలే చేతులూ కాళ్లూ ఉన్న ఆ బుల్లి మనిషి బొమ్మ వచ్చింది అప్పుడు. దాన్ని తీర్చిదిద్దినాయన యెన్స్ నైగార్డ్ క్నుడ్సెన్. ఆ బొమ్మతో పాటే టౌన్, కోట, అంతరిక్షం అని మూడు వరసలు పెట్టారు. అందుకే వీడియోలు చేసేవాళ్లంతా అక్కణ్ణుంచే కథ మొదలుపెడతారు. అది ఊళ్లోకి మనుషులొచ్చిన ఏడాది. ఊరు మాత్రం అంతకు 23 ఏళ్ల ముందే వెలిసింది, 1955లో.

నాకిది పుస్తకం చదివి తెలియలేదు. నాలుగేళ్ల కిందట వేసవిలో మా పక్క ఊళ్లో పాత సామాన్ల సంత పెట్టారు. అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర మూడు నెలలు ఉన్న రోజులవి. అమ్మకి అక్కడ కాలక్షేపం లేక ఎక్కడికైనా వస్తానంటుంది. ఒక పెద్దాయన కారు డిక్కీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. పింగాణీ కప్పులు, ఒక కుట్టుమిషను, వాటి పక్కన ఒక అట్టపెట్టె. నేను డేనిష్‌లో రేటెంత అని అడిగాను. ఆయన వెంటనే ఇంగ్లిష్‌లోకి దిగిపోయాడు. ఈ దేశంలో ఇదొక బాధ. నాలుగేళ్లు సాయంత్రం క్లాసులకు పోయి నేర్చుకున్న భాషని రెండో మాట దాకా కూడా రానివ్వరు. సరే, 150 క్రోన్లన్నాడు, ఇచ్చాను.

ఇంటికొచ్చి నేల మీద పేపరు పరిచి పెట్టె బోర్లించాం. నేను ఇటుకలే ఉంటాయనుకున్నా. ముందు బయటపడింది ఒక పెద్ద పలక. దాని మీద వీధులు అచ్చేసి ఉన్నాయి. ఒక మూల ఎప్పుడో నీళ్లు తగిలి వడ తడిసినట్టు ఉబ్బింది. తర్వాత ఐదు కార్లు, ఒక్కోటి నా బొటనవేలంత. అందులో ఒకటి ఫోక్స్‌వాగన్ బీటిల్, దానికి ఒక చక్రం లేదు. అట్ట కోసి నిలబెట్టినట్టు బల్లపరుపుగా ఉన్న చెట్లు నాలుగు. ఎస్సో అని రాసిన పెట్రోలు బంకు బోర్డొకటి. సైకిల్ తొక్కుతున్న మనిషొకడు, వేలి గోరు మీద నిలబెట్టొచ్చు. వీటన్నిటి కింద ఎరుపూ తెలుపూ ఇటుకలు, రెండు దోసిళ్లు.

అమ్మ ఆ పలక చూసి అన్న మాట నాకింకా గుర్తే. “ఇదేంట్రా, రియలెస్టేట్ వాళ్ల బ్రోచర్‌లా ఉంది?”

ఆ మాటతోనే నాకు మొత్తం కథ అర్థమైంది. ఇప్పటికీ నా వాదన అదే. లెగోవాళ్లు అమ్మింది ఇటుక కాదు, లేఅవుట్.

ఎందుకంటున్నానో చెప్తాను. ఒకదాని మీద ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుక వాళ్ల బుర్రలో పుట్టింది కాదు. బ్రిటన్‌లో హిల్లరీ ఫిషర్ పేజ్ అనే ఆయన తన కిడ్డీక్రాఫ్ట్ కంపెనీ పేరున అలాంటివి 1947కే అమ్మాడు. రబ్బరు ఇటుకలైతే అక్కడ 1930ల్లోనే ఉన్నాయి. బిల్లుండ్‌లో వడ్రంగి ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ 1932 నుంచి చెక్క బొమ్మలు చేసేవాడు, లెగో పేరు పెట్టుకున్నది 1934లో. ప్లాస్టిక్ పోతపోసే మిషను కొన్నాక, పేజ్ ఇటుకని కాస్త మార్చి 1949లో అమ్మకానికి పెట్టాడు. ఏదో అమ్ముడుపోయింది, అంతే. బాతు బొమ్మల మధ్య అదీ ఒక బొమ్మ. పేజ్ 1957లో పోయాడు. ఆయన ఇటుకల హక్కుల్ని లెగో కొనుక్కున్నది 1981లో. ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఆఫీసులో డెన్మార్క్ వాళ్లు కాఫీ కప్పులోకి చూస్తారు.

1954లో ఓలే కొడుకు గాట్‌ఫ్రెడ్ ఇంగ్లండ్ వెళ్లే ఓడెక్కాడు. అందులో కోపెన్‌హాగెన్‌లోని మ్యాగజిన్ డ్యు నార్ అనే పెద్ద దుకాణంలో బొమ్మలు కొనే ఆయన కలిశాడు. ఈ బొమ్మల వ్యాపారంలో ఒక పద్ధతీ పాడూ లేదు, దేనికదే, ఒకదానికొకటి సంబంధం ఉండదు అని ఆయన వాపోయాడు. గాట్‌ఫ్రెడ్‌కి ఆ మాట పట్టుకుంది. ఇంటికొచ్చి తాము చేస్తున్న రెండు వందలకు పైగా బొమ్మల్ని ఒక్కోటీ చూసుకుంటూ పోయి, చివరికి ఇటుక దగ్గర ఆగాడు. మరుసటేడు, 1955లో, ‘సిస్టమ్ ఇ లై’ అనే పేరుతో దుకాణాల్లో పెట్టాడు. ఆటలో ఒక పద్ధతి అని దానర్థం. 28 సెట్లు, 8 వాహనాలు. వాటన్నిటికీ కింద ఆధారం టౌన్ ప్లాన్ పలక.

ఇక్కడ ఆయన తెలివి చూడండి. మామూలుగా ఇటుకలిస్తే పిల్లవాడు ఇల్లు కడతాడు, కూలగొడతాడు, ఆట అయిపోతుంది. వీధులు గీసిన పలక ఇస్తే? ఒక ఇల్లు కట్టాక పక్కన ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీ వాణ్ణి కుదురుగా ఉండనివ్వదు. అక్కడ పెట్రోలు బంకు కావాలి, ఆ పక్కన ఫైర్ స్టేషను కావాలి, మూల మీద చర్చి కావాలి. మన వెంచర్ల వాళ్లు చేసేది కూడా ఇదే కదా. ముందు రోడ్లు వేసి, రాళ్లు పాతి, ‘ఇక్కడ పార్కు వస్తుంది సార్’ అంటారు. గాట్‌ఫ్రెడ్ ఆ పార్కు నిజంగానే ఇచ్చాడు, చెట్లు విడిగా అమ్మాడు, తేడా అంతే.

పిల్లలకి రోడ్డు మీద ఎలా నడుచుకోవాలో నేర్పడం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి. డెన్మార్క్‌లో అప్పుడప్పుడే కార్లు పెరుగుతున్నాయి. అందుకే ట్రాఫిక్ గుర్తులు, సైకిళ్లు, మోపెడ్లు. హైదరాబాద్‌లో పెద్దవాళ్లకే అలాంటి పలకొకటి పంచాలని నాకుంటుంది, సరే అది వేరే గొడవ.

అమ్మకి మాత్రం ఇదంతా కొత్తగా అనిపించలేదు. “మన కొలువే కదరా” అంది. నిజమే. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే, మెట్ల కింద నేల మీద ఒక ఊరు ఉండేది. ఇసక పోసి, పది రోజుల ముందు ఆవాలు చల్లి మొలకలు తెప్పించి పొలం చేసేది. అద్దం ముక్క చెరువు. కొండపల్లి ఎడ్లబండి, కోమటి దంపతులు, ప్లాస్టిక్ బస్సు. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాల్సిందే, అది నియమం. పాతది పారేయరు, కొత్తది పాతదాని పక్కన కుదరాలి. బస్సు కన్నా కోమటి పెద్దగా ఉన్నాడని ఎవరూ అడగరు. టౌన్ ప్లాన్‌లోనూ అంతే తెలుసా? కార్లు 87వ వంతు కొలతలో, రైలు బొమ్మల వాళ్ల లెక్క ప్రకారం చేశారు. ఇళ్ల తలుపులు ఆ కార్లకి అటూ ఇటూగా సరిపోతాయి. ఇళ్లలో మాత్రం మనుషుల్లేరు. 1978లో మనుషులొచ్చేసరికి వాళ్ల పక్కన ఆ పాత కార్లు చెప్పుల సైజులో కనబడతాయి. కార్లు కూడా ఇటుకలతోనే కట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు ఘోరం. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో స్టీలు గిన్నెలో ఇటుకలు. అమ్మ కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి, గుప్పెడు ఉప్పేసి, మొత్తం పోసేసింది. “ఎవరెవరు ముట్టుకున్నవో, పిల్ల నోట్లో పెట్టుకుంటే?” అంది. నేను గరిటెతో తీసి చూస్తే కొన్ని ఇటుకలు నూనెలో వేసిన అప్పడంలా మెలిక తిరిగాయి. వంటింటి నిండా పుల్లటి వాసన, ఎవరో సీసాడు వెనిగర్ ఒలకబోసినట్టు. మా అమ్మాయి ఒకటి పట్టుకుని “నానమ్మా, ఇది నవ్వుతోంది” అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

చిత్రమేమిటంటే ఇంకొన్ని ఇటుకలకి ఏమీ కాలేదు. అదే గిన్నె, అవే నీళ్లు. వాటిని తిరగేసి చూస్తూ కూర్చుంటే మొత్తం చరిత్ర ఆ గిన్నెలోనే ఉంది. 1963 దాకా లెగో ఇటుకని సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసేవారు, ఆ తర్వాత ఏబీఎస్ ప్లాస్టిక్‌కి మారారు. ఎసిటేట్‌కి వేడి పడదు, పాతబడితే పుల్లటి వాసన వేస్తుంది. మెలిక తిరిగినవన్నీ ఎసిటేట్‌వి. మ్యూజియంలు ఏవేవో పరీక్షలు చేస్తాయి గానీ, నన్నడిగితే మా అమ్మ కెటిల్ కన్నా మంచి పరీక్ష లేదు.

వంకరపోయిన వాటిలోనే రెండు రకాలు కనబడ్డాయి. కొన్నింటికి అడుగున గొట్టాలున్నాయి, కొన్నింటికి ఏమీ లేదు, ఖాళీ డబ్బా. ఈ ఖాళీవే మొదటి టౌన్ ప్లాన్ కాలం నాటివి. వాటితో గోడ కడితే పట్టు ఉండదు, బల్ల కదిలితే చాలు, పడిపోతుంది. జర్మనీలో అమ్మేవాళ్లు కట్టినవి నిలవట్లేదని మొత్తుకున్నాక, గాట్‌ఫ్రెడ్ కూర్చుని అడుగున గొట్టాల పద్ధతి తేల్చి 1958 జనవరి 28న పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. వాళ్ల నాన్న ఆ మార్చిలోనే పోయాడు. అంటే వరస గమనించండి: ఊరు 1955లో, గోడ గట్టిపడ్డది 1958లో. మూడేళ్లు జనం పడిపోయే ఇళ్ల సెట్లే కొన్నారు. ఎందుకు? ఇటుక బాగుందని కాదు, ఊరు బాగుందని. నా వాదనకి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

1960ల మొదట్లో వచ్చిన టౌన్ ప్లాన్ పెట్టె మీద ఒక కుర్రాడి ఫొటో ఉంటుంది. గాట్‌ఫ్రెడ్ కొడుకు కెల్ ఆ పిల్లాడు. 2008లో, గొట్టాల ఇటుకకి యాభై ఏళ్లయిన సందర్భంగా, టౌన్ ప్లాన్ పేరుతోనే మళ్లీ ఒక పెద్ద సెట్టు తెచ్చారు. దాని పెట్టె మీదా ఆయనే, ఈసారి పెద్దమనిషిగా. బిల్లుండ్‌లో లెగో హౌస్‌కి వెళ్తే కింద అంతస్తులో పాత పెట్టెలు వరసగా పెట్టారు. నేను మూడుసార్లు వెళ్లాను. జనం మాత్రం పైనున్న డైనోసార్ల దగ్గరే ఉంటారు.

ఇక రెండో సగం. కొని దాచుకుంటే రేటొస్తుందా అంటారు. వస్తుందేమో బాబూ, నేను షేర్ బ్రోకర్ని కాదు. సీలు తీయని పెట్టెల్ని బీరువాలో పెట్టి, ఏసీ వేసి, ఇన్సూరెన్స్ చేయించి, ఏడాదికోసారి ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లు నాకు తెలుసు. మనవాళ్లలోనూ ఉన్నారు. నాకది శివారులో ప్లాటు కొని, చుట్టూ ప్రహరీ కట్టి, గేటుకి తాళమేసి, పిచ్చిమొక్కలు మొలుస్తుంటే ‘గజం ఎంతకొచ్చింది’ అని అడగడంలా అనిపిస్తుంది. అందరూ ప్లాట్లే కొంటే ఊరెక్కడుంది?

కొనాలనే ఉంటే మాత్రం ఇటుక తిరగేసి అడుగు చూడండి, తర్వాత వాసన చూడండి. అమ్మేవాడు ‘మొదటి కాలం నాటిది’ అని రేటు చెప్పి అడుగున గొట్టాలున్నది చూపిస్తే నవ్వి వచ్చేయండి. పలక ఉందా అని అడగండి, అన్నిటికన్నా ముందు అదే అడగండి.

ఈ మధ్య నా పెట్టె ఫొటో ఒక గ్రూపులో పెడితే ఒకాయన మెసేజ్ చేశాడు, 700 క్రోన్లిస్తానన్నాడు. ఇటుకలు వంకరగా ఉన్నాయండీ అని ముందే చెప్పాను. ఇటుకలు మీరే ఉంచుకోండి, నాకు పలకొక్కటే కావాలన్నాడు. మూల ఉబ్బిందన్నా పరవాలేదన్నాడు. ఇవ్వలేదు, మా అమ్మాయి దాని మీద ఆసుపత్రి కడుతోంది. మెలిక తిరిగిన ఇటుకల్లో ఆరు అమ్మ తెనాలి తీసుకెళ్లింది. మొన్న సంక్రాంతి ఫొటోలో అద్దం ముక్క చెరువు చుట్టూ గట్టు అవే.