ధ్రువాల మంచు, తుపానులు

ప్రశ్న: ధ్రువ సముద్రాల్లో మంచు తగ్గుతున్నందువల్ల తుపానులు పెరుగుతున్నాయని కొందరు, తుపానుల వల్లే మంచు తరిగిపోతోందని కొందరు అంటున్నారు. ఏది నిజం? ఉష్ణమండల తుపానులకూ దీనితో సంబంధం ఉందా?

జవాబు: మొదటి రెండు మాటల్లోనూ నిజం ఉంది. శీతాకాలంలో ఆర్కిటిక్ మీది గాలి మైనస్ 30 డిగ్రీలకు పడిపోయినా, మంచుపలక కింది నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంచు మూతలా పరుచుకొని ఉన్నంతకాలం ఆ వేడి నీటిలోనే నిలుస్తుంది. మూత తొలగితే, అది సన్నని చీలికే అయినా, మరుగుతున్న గిన్నె మీద లేచినట్లు నీటి మీద ఆవిరి పొగలా లేస్తుంది. ఆ వేడీ తేమా పైగాలిలోకి చేరి అల్పపీడనాలకు బలమిస్తాయి. 2023లో అంటార్కిటికా చుట్టూ శీతాకాలపు మంచు సుమారు 1.7 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. 1979 నుంచి ఉన్న ఉపగ్రహ లెక్కల్లో అంత తక్కువ గరిష్ఠం మరొకటి లేదు. మంచు బాగా తగ్గిన ప్రాంతాల్లో సముద్రం కోల్పోయిన వేడితో పాటు తుపాను రోజులు కూడా పెరిగాయని తరువాతి పరిశోధనలో తేలింది.

ఇక రెండో వైపు చూద్దాం. 2012 ఆగస్టులో సైబీరియా మీద పుట్టి ఆర్కిటిక్ మహాసముద్రంలోకి సాగిన పెనుతుపాను కేంద్రంలో పీడనం 966 మిల్లీబార్లకు పడిపోయింది. అది మంచును ముక్కలు చేసి, అడుగునున్న వెచ్చని నీటిని పైకి కలిపింది. సెప్టెంబరు నాటికి మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది, అదే నేటికీ కనిష్ఠ రికార్డు. అయితే నేరమంతా తుపానుదే అనడం సరికాదు. మంచు అప్పటికే పలచబడి ఉంది, తుపాను రాకపోయినా ఆ ఏడాది రికార్డు నమోదయ్యేదని కంప్యూటర్ నమూనాల ద్వారా లెక్కగట్టారు.

ఉష్ణమండల తుపానులు సుమారు 26 డిగ్రీలకు పైబడిన వెచ్చని నీటి నుంచి శక్తి తీసుకుంటాయి కనుక ధ్రువాల మంచుతో వాటికి నేరుగా సంబంధం లేదు. ఆర్కిటిక్ వేడెక్కడం వల్ల జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి ప్రవాహం) వంకరలు పెరిగి మధ్య అక్షాంశాల వాతావరణం మారుతోందన్న వాదనపై శాస్త్రజ్ఞుల్లో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

తుపానుల సంఖ్య కంటే తీరాల పరిస్థితే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. శరదృతువులో తీరాన్ని అంటిపెట్టుకొని గడ్డకట్టే మంచు అలల ఉద్ధృతిని తనమీదే కాచుకునేది. ఇప్పుడది ఆలస్యంగా కడుతోంది. అందువల్ల వెనుకటి బలంతోనే వచ్చిన తుపాను కూడా ఖాళీ నీటి మీద పెద్ద అలలు లేపి నేరుగా నేలను కోస్తోంది. అలాస్కాలోని షిష్మరెఫ్ దీవి గ్రామస్థులు ఈ కోత కారణంగానే 2016లో ఊరు వదిలి వేరేచోటికి తరలిపోవాలని ఓటు వేశారు.