హుక్కా సరే, మా వైపు అడ్డపొగ సంగతి తెలుసా?

ప్రశ్న ఏంటంటే, హుక్కా ఎక్కడ పుట్టింది, తెలుగువాళ్లకి పాత అలవాటేనా లేక ఈ కేఫ్‌లతో వచ్చిన ఫ్యాషనా అని. రెండో ముక్కకే ముందు చెప్తా, నాకు అదే ఇంట్రెస్ట్.

హైదరాబాద్ నవాబుల ఇళ్ల సంగతి వేరు, వాళ్లకి పాతదే. సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్తే నల్లటి లోహం మీద వెండి పొదిగిన బిద్రీ పనితనపు హుక్కాలు కనిపిస్తాయి. మా విశాఖ పల్లెల్లో మాత్రం అది ఎప్పుడూ దిగలేదు, నన్నడిగితే కారణం ఒక్కటే, హుక్కాకి కూర్చునే తీరిక కావాలి, పక్కన ఒక మనిషి కావాలి. నీళ్లు మార్చాలి, చిలుం (పైన పొగాకు వేసే గిన్నె) నింపాలి, నిప్పులు చూసుకోవాలి. కలకత్తాలో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ దంపతులు 1779లో విందుకి పిలుస్తూ, నౌకర్లెవర్నీ తేవద్దు, హుక్కా చూసుకునే హుక్కాబర్దార్ ఒక్కడు చాలు అని కార్డు మీద రాయించారట! అంటే పొగ పీల్చడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునేవాళ్లన్నమాట. తెల్లారకుండా వలకి పోయేవాళ్లకి, నాట్లలో నడుం వంచేవాళ్లకి ఆ వైభోగం ఎక్కడిది, చుట్టే గతి.

ఇక పుట్టుక. అందరూ చెప్పే కథ, అక్బర్ దగ్గరున్న హకీం అబుల్ ఫతే గిలానీ పొగని నీళ్లలోంచి పంపితే చెడు పోతుందని కనిపెట్టాడని. వినడానికి బానే ఉంటుంది గానీ ఆయన 1589లోనే పోయాడు, అక్బర్ రాయబారి అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు, రాళ్లు పొదిగిన గొట్టం తెచ్చి ఆయన ముందు మొదటిసారి పెట్టింది 1604 ప్రాంతంలో. మరి చనిపోయినాయన ఎలా కనిపెట్టాడండీ? ఇరాన్‌లో అయితే 1535లో పోయిన అహ్లీ షిరాజీ అనే కవి పద్యంలోనే ఖల్యాన్ (హుక్కాకి అక్కడి పేరు) అన్న మాటుందంటారు. అందుకే నా ఓటు ఇరాన్‌కి. పొగాకు తెచ్చింది మాత్రం పోర్చుగీసువాళ్లు, అందులో గొడవ లేదు. జహంగీర్ 1617లో పొగాకు వద్దని ఆర్డర్ వేశాడు, ఆయన ఇరాన్‌కి పంపిన రాయబారి ఖాన్ ఆలమే మానలేకపోయాడు, అక్కడి రాజు షా అబ్బాస్ కూడా నిషేధం పెట్టి చివరికి ఈ ఖాన్ ఆలమ్ ఒక్కడికి పర్మిషన్ ఇచ్చాడు. ఆర్డర్లతో ఆగేదైతే అప్పుడే ఆగేది.

ఇప్పుడు కేఫ్‌లలో చూసేది ఆ నవాబుల హుక్కా కాదు. తేనెపాకంలో నానబెట్టిన ఫ్లేవర్ పొగాకు, ఈజిప్టు, గల్ఫ్ వైపు నుంచి 1990ల తర్వాత ఊపందుకున్న సరుకు.

మొన్నామధ్య సంక్రాంతికి భీమిలి దగ్గర మా ఊళ్లో అందరం కలిశాం. బెంగుళూరులో జాబ్ చేసే మా బాబాయ్ కొడుకు ఆన్‌లైన్‌లో కొన్న హుక్కా సెట్టు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాడు, బట్టలు మాత్రం తెచ్చుకోలేదు. సాయంత్రం డాబా మీద చాప వేసి మొదలెట్టాడు. ఆ కొబ్బరిచిప్ప బొగ్గు ఓ పట్టాన అంటుకోదు, పైన సముద్రం గాలి, వాడు విసనకర్రతో కుస్తీ. మా చిన్నమామ్మ, అంటే నాయనమ్మ చెల్లెలు, గోడకి ఆనుకుని అడ్డపొగ పీలుస్తూ చూస్తోంది. తెలియనివాళ్లకి చెప్పాలి, అడ్డపొగ అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకోవడం. అవును, నిప్పు లోపలికే. గాలికి ఆరదు, నుసి రేగదు, చుట్ట ఎక్కువసేపొస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి పని ఆగదు. మా తీరం ఊళ్లలో, శ్రీకాకుళం దాకా, ఆ తరం ఆడవాళ్లు చాలామంది ఇలాగే తాగేవారు.

"ఏట్రా బాబూ ఇది, పొయ్యా?" అంది.

"పొయ్యి కాదు మామ్మా, హుక్కా. నీళ్లలోంచి వస్తది కదా, ఫిల్టర్ అయిపోద్ది, నీ చుట్టలాగా డేంజర్ కాదు."

మామ్మ నోట్లోంచి చుట్ట తీసి గట్టు మీద పెట్టి ఆ పైపు అందుకుంది. గుడగుడమని గట్టిగా ఒక్క లాగు లాగింది. మేమంతా ఫోన్లు పట్టుకుని రెడీ. దగ్గుతుందేమో అనుకుంటే దగ్గూ లేదు గిగ్గూ లేదు. "ఓలమ్మా, పొగేదిరా గుంటడా, సబ్బు నీల్లు తాగినట్టుంది. దీనికింత సామానేటి?" అని మళ్లీ చుట్ట లోపల పెట్టేసుకుంది, అది నోట్లో ఉండగానే వాడి పెళ్లి సంబంధాల గురించి మాట్లాడేసింది. వాడి మొహం చూడాలి.

నవ్వుకున్నాం గానీ ఇద్దరూ భ్రమలోనే ఉన్నారు. నీళ్లు పొగని చల్లబరుస్తాయి అంతే, చల్లగా ఉంది కదాని ఇంకా లోతుగా లాగుతాం, బొగ్గు నుంచొచ్చే కార్బన్ మోనాక్సైడ్ నీళ్లని దాటుకుని హాయిగా వచ్చేస్తుంది. గంటసేపు హుక్కా దగ్గర కూర్చుంటే వంద సిగరెట్లకి సరిపడా పొగ లోపలికెళ్లొచ్చని డబ్ల్యూహెచ్‌వో ఎప్పుడో చెప్పింది. ఈ హెర్బల్ అని బోర్డు పెట్టేవాళ్లని చూస్తే నాకు మరీ మంట, పొగాకు లేకపోతే మాత్రం బొగ్గు లేదా? విశాఖ సిరిపురంలో ఒకచోట ఆఫీసు వాళ్లతో వెళ్తే కుర్రాడు ఆ నిప్పు ముక్క సోఫా మీద పడేసి, దానికీ మా బిల్లులోనే వేశాడు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లు నిషేధిస్తూ బిల్లు పాస్ చేశారు, మంచి పని.

అడ్డపొగ ఇంకా దారుణం. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది, అక్కడే కేన్సర్ వస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్ష చేసిన స్టడీ 1971లోనే అచ్చయింది. మొగలుల హుక్కా మీద వీడియోలు చేసేవాళ్లు బోలెడు, మా ఊరి ముసలమ్మల గురించి ఒక్కడూ చేయడు.

మీ ఇళ్లలో ఇలా తాగేవాళ్లుంటే పళ్ల డాక్టరుకైనా సరే ఒకసారి అంగిలి చూపించండి, తెల్లమచ్చలు ముందే కనిపిస్తాయి. మా మామ్మని విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రమ్మంటే కారెక్కితే కడుపులో తిప్పుద్ది అంటోంది, ఉగాదికెళ్లినప్పుడు ఆటో మాట్లాడాలి.